వేలు వంగాలి

బెంగళూరు,
12 ఫిబ్రవరి 2005

పెద్దమ్మా,

ఫోన్ చేస్తే నీకు వినబడదు. పెద్దనాన్న ఎత్తితే "అంతా మంచిదే" అని పెట్టేస్తాడు. కాబట్టి ఉత్తరం. నేను కలంతో రాస్తుంటే పక్క సీటు వాళ్లు వచ్చి చూసిపోతున్నారు, ఆఫీసులో ఎవరో రోట్లో పచ్చడి నూరుతున్నట్టు.

ఇక్కడ అంతా మామూలే. మేముండే హాస్టల్ ఆవిడ జగదాంబ గారు ఇడ్లీలు మెత్తగా చేయడం ఇంకా నేర్చుకోలేదు. నేను పరీక్షించే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు తగ్గడం లేదు గనక నా ఉద్యోగానికి ఢోకా లేదు.

అసలు సంగతి ఇది. నాకు వెండితో ఒక చూపుడువేలు కావాలి, కుడిచేతిది. గోరు నుంచి మొదలు దాకా, మొత్తం వేలు. నా వేలిని కాగితం మీద పెట్టి చుట్టూ గీసి పంపుతున్నాను. గోరు దగ్గర కొంచెం వంకరగా, చిలుక ముక్కులా గీశాను, అది అలాగే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, వేలు వంగాలి. అదొక్కటి అయితే మిగతావాటికి సర్దుకుంటా. దేవుళ్ల చేతులకు వెండి తొడుగులు చేసిన పెద్దనాన్న వల్ల తప్ప ఇది ఇంకెవరి వల్లా కాదు.

ఏప్రిల్ మధ్యలో నాకొకటుంది. దానికి ముందే అయిపోవాలి, తర్వాత అయితే దండగ. ఎందుకు, ఏమిటి అని ఇప్పుడు అడగకు. వరంగల్లో నాన్నకు అసలే చెప్పకు. తెలిసిందంటే ఉన్నపళాన బస్సెక్కి ఇక్కడ దిగుతాడు.

నీ అనుపమ


బోయిగూడ, సికింద్రాబాద్,
20 ఫిబ్రవరి 2005

అనూ,

మేమిద్దరం బాగానే ఉన్నాం, వంటింటి ట్యూబ్‌లైటు మాత్రం పోయింది. నీ ఉత్తరం వచ్చేసరికి చింతపండు గింజలు తీస్తున్నాను. చేతులు కడుక్కునేలోపే మీ పెద్దనాన్న చదివేశారు. చదివి, కాగితం మీది వేలి బొమ్మను కిటికీ దగ్గర పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. అన్నానికి పిలిస్తే రాలేదు.

నీకు రాయొద్దన్నారు గానీ రాస్తున్నాను. దసరా నుంచి ఆయన కుడి చూపుడువేలు మొరాయిస్తోంది. పొద్దున లేవగానే వంగదు. ఎడమచేత్తో బలవంతాన వంచితే టక్‌మంటుంది, మళ్లీ లాగితే గానీ తెరుచుకోదు. గోడ గడియారం గంట కొడితే వినబడని నాకు ఆ టక్ మాత్రం వినబడుతుంది. మన గల్లీ అమ్మవారికి కొత్త కవచం చేయమని గుడి కమిటీ వాళ్లు ఇచ్చిన వెండిని, కళ్లు కనబడుతలేవని అబద్ధమాడి వాపసు పంపించారు. పుట్టిన దగ్గర నుంచి చూస్తున్నావు, ఆయన పని వాపసు పంపడం నీకెప్పుడైనా తెలుసా? ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. డాక్టరు దగ్గరికి పోదామంటే ఒకటే మాట. "దేవునికి చేతులు చేసేటోడు చేయి పట్టుకొని దవాఖానల కూసుంటే, రేపు మనకు పనెవడిస్తడు?"

బోయిన్‌పల్లిలో టమాటాలు కారుచౌక. సంచి నిండా తెచ్చి ఎండబెట్టాను. మన మేడమీద అద్దెకున్న శ్యామలమ్మ కొడుక్కి మాదాపూర్‌లో ఉద్యోగమొచ్చింది. వాడు పగలు పడుకుని రాత్రి పనికి పోతున్నాడు, దొంగల టైము.

ఇక నీ సంగతి. పెద్దనాన్న చేస్తానన్నారు. ఇది మన ఇంటి రక్తంలోనే ఉందట, మీ తాతకు కూడా ఉండేదట. నీకెప్పటి నుంచి ఉంది? దాచకుండా రాయి. మేం ఎవరికీ చెప్పం.

పెద్దమ్మ విమల


బెంగళూరు,
1 మార్చి 2005

పెద్దమ్మా,

మన రక్తంలోనే ఉందని పెద్దనాన్న అన్నాడని చదివి నాకు భలే సంతోషమైంది. తిడతాడనుకున్నాను. తాతకు కూడా ఉండేదని నాకెవరూ చెప్పలేదే.

ఏడాదిన్నర నుంచి ఉంది నాకు. మొదట వాసుకు చూశాను. మా ఆఫీసే, సాయంత్రాలు డ్రమ్స్ వాయిస్తాడు. వాడికి రెండు చేతులకూ ఉంది. చూసిన రోజు జడుసుకున్నాను, తర్వాత నాకూ పట్టుకుంది. ఇప్పుడు మా గుంపులో ఇది లేనివాళ్లు తక్కువ. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు వాసు చేతిని చూసి లేచిపోతారు. ఆ చేయి వేసుకుని క్లయింట్ల ముందుకు రావద్దని ఆఫీసువాళ్లు వాణ్ని పిలిచి చెప్పారు. నా సంగతి ఇంకా బయటపడలేదు కాబట్టి నన్నేమీ అనలేదు. పడ్డా నేను లెక్కచేయను.

రంగు చెప్పడం మరిచాను, నల్లగా ఉండాలి. మొదట తెల్లగా ఉన్నా నెల తిరిగేసరికి దానంతటదే నల్లబడుతుందని వాసు అంటున్నాడు.

పెద్దనాన్న వేలు గురించి నెట్‌లో చూశాను. చిన్న ఇంజెక్షన్‌తో తగ్గుతుందట. గల్లీ వాళ్లేమనుకుంటారోనని ఎవరైనా నొప్పి భరిస్తారా? వెళ్లమని గట్టిగా చెప్పు. ఆలోగా నాది కొంచెం తొందరగా చూడమను.

నీ అనుపమ


బోయిగూడ,
26 మార్చి 2005

అనూ,

పని అయింది. ఇక నువ్వు గుండె దిటవు చేసుకో.

నల్లబడుతుందని నువ్వు రాసింది చదివాక పెద్దనాన్న ఆగలేదు. ఆయన వేలు ఎన్నడూ నల్లబడలేదు, నీది బాగా ముదిరిందన్నమాట. కంప్యూటర్ల మీద పనిచేసేవాళ్లకు వేళ్లు పడిపోతున్నాయని పేపర్లో కూడా రాశారు. కానీ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందని మాత్రం అందులో లేదు. ఆ వాసు తిన్న ప్లేటులో తినకు. ఏప్రిల్‌లో నీకున్నదేమిటో నువ్వు చెప్పకపోయినా మాకు అర్థమైంది. కోత పెట్టించుకోకు తల్లీ, అమ్మవారు చూసుకుంటుంది.

దసరా నుంచి మూతపడ్డ కుంపటి వెలిగింది. చూపుడువేలిని పక్క వేలికి గుడ్డపీలికతో కట్టుకుని, నువ్వు గీసిన బొమ్మ ముందు పెట్టుకుని కూర్చున్నారు. సుత్తి జారినప్పుడల్లా గోడవైపు తిరిగి వేలిని సరిచేసుకునేవారు, నేను చూడలేదనుకుని. ఒక్క రేకులో మొత్తం వేలు తీశారు. కణుపుల దగ్గర గీతలు పెట్టారు, గోరు పెట్టారు. నువ్వు గీసిన వంకర గోరు చూడలేక ఆ కాగితం మడిచి, గోరు మాత్రం తిన్నగా చేశారు. చిన్నప్పుడు మా ఇంట్లో ఉండి చదువుకునేటప్పుడు, వెండి తీగ లాగే ఇనప పలక రంధ్రంలో వేలు ఇరికించుకున్నావు గుర్తుందా? ఆ మచ్చ కూడా చెక్కారు. అమ్మవారు వేలు పోల్చుకోవాలి కదా అన్నారు.

నిన్న శుక్రవారం. తలస్నానం చేసి ఇద్దరం గుడికి పోయాం. నీ పేరు, గోత్రం చెప్పి అర్చన చేయించి, ఆ వెండి వేలిని మొక్కుగా హుండీలో వేశాం. హుండీ నోరు సన్నం, గోరు ముందు పెట్టి తోయాల్సి వచ్చింది. వేలు వంగాలని నువ్వు కోరినట్టే కోరాం.

గుడి మెట్లు దిగుతూ నేనన్నాను, "మీది సుత ఒకటి చేసుకొని ఎయ్యరాదుండ్రి?" ఆయన చెప్పులు వేసుకుంటూ అన్నారు, "ఒక్క ఇంట్లకెళ్లి రెండు వేళ్లడిగితే అమ్మ ఏది ఇయ్యాలె? పిల్లది కానియ్."

ఇంటికొచ్చి కుంపటి ఆర్పేశారు. మళ్లీ వెలిగించలేదు.

పెద్దమ్మ


బెంగళూరు,
2 ఏప్రిల్ 2005

పెద్దమ్మా,

నీ ఉత్తరం క్యాంటీన్లో చదివాను. మొదట నవ్వొచ్చింది. మెట్ల దగ్గర పెద్దనాన్న అన్న మాట దగ్గరికి వచ్చేసరికి సిగ్గేసింది. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

నా వేలికి ఏమీ కాలేదు. వాసు వేలికీ కాలేదు. నేనడిగింది ఉంగరం. పూర్వం పడమటి దేశాల్లో యుద్ధానికి పోయేవాళ్లు చేతులకు ఇనప తొడుగులు వేసుకునేవారు. వేలు ముడిస్తే తొడుగు కూడా ముడుచుకునేలా, చేప పొలుసుల్లాగా రేకు మీద రేకు పెట్టి చేసేవారు. ఇప్పుడు మాలాగా పెద్ద చప్పుడు సంగీతం వినేవాళ్లు ఆ తొడుగును ఒక్క వేలికి ఉంగరంగా వేసుకుంటున్నారు. నల్ల బట్టలు, నల్ల గోళ్లు, వేలికి నల్లబడ్డ వెండి. వాసుకున్న దాని ఫొటో పెడుతున్నాను. అందరూ బంగారు గాజులు, స్టోన్ ఉంగరాలు పెట్టుకున్న చోట అది పెట్టుకుంటే, నా జోలికి రావద్దని నోరు తెరవకుండా చెప్పినట్టుంటుంది. అంతకుమించి దానికి అర్థమేమీ లేదు. ఏప్రిల్ 16న వాసు వాళ్ల ప్రోగ్రాం ఉంది, దానికి వేసుకుందామనుకున్నా. కోత కాదు.

నేను "ఉంగరం వంగాలి" అని రాయాల్సింది. "వేలు వంగాలి" అని రాశాను.

హుండీలో వేసింది తిరిగి ఇవ్వరు కదా? నాకోసం కాదు. ఆ మొక్కు పెద్దనాన్న పేరు మీదికి మార్చడానికి వీలుంటుందేమో పూజారిగారిని అడుగు. మా ఆఫీసులో ఒకరి పేరు మీదున్న పనిని ఇంకొకరి పేరు మీదికి మార్చడం రోజూ ఉండేదే. పెద్దనాన్నకు మాత్రం నిజం చెప్పకు. నా వేలు వంగుతోందని చెప్పు, అది అబద్ధం కూడా కాదు.

అనుపమ


బోయిగూడ,
14 ఏప్రిల్ 2005

అనూ,

చెప్పకు అని రాసిన ఉత్తరాన్ని పోస్ట్‌మ్యాన్ ఆయన చేతికే ఇచ్చాడు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. వచ్చేసరికి ఉత్తరం మడిచి ఉంది, ఆయన కళ్లకు భూతద్దం పెట్టుకుని వాసు ఉంగరం ఫొటో చూస్తున్నారు.

కోపం తెచ్చుకుంటారనుకున్నాను. "పిల్లకేం కాలే," అన్నారు, అంతే. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు. నాకు మాత్రం కోపమొచ్చింది. అంత జడిపించి, చివరికి ఉంగరమా? రెండు రోజులు నీకు జవాబు రాయలేదందుకే. ఉగాది పచ్చడి తిన్నాక పోయింది.

మొక్కు మార్చే సంగతి పూజారిని అడిగాను. హుండీలో వేసినదానికి పేరేముంటుందమ్మా, ఎవరిదనుకుంటే వాళ్లదే అన్నాడు. ఇంటికొచ్చి ఆనందంగా చెబితే పెద్దనాన్న ఒప్పుకోలేదు. "మచ్చ చెక్కిన గద. అది అనుపమ వేలని అమ్మకు తెల్వదా? అమ్మనే మోసం జేస్తవా?" అన్నారు.

కానీ ఆ ఫొటో ఆయన్ను వదల్లేదు. రేకుల్ని కలిపే బంధాలన్నీ పైకి కనబడుతున్నాయట, తల వెంట్రుకలు చిక్కుకుంటాయట. సగం వంగి ఆగిపోతుందట. మూడో రోజు కుంపటి వెలిగింది. "గిన్నేండ్లు దేవుని చేతులు చేసిన. దేవుని వేలు వంగదు. వంగేది ఎన్నడు చేయలే," అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం కొత్త పలక కొనిచ్చిన పిల్లవాడిలా ఉంది.

ఆయన పట్టుకోలేని చోట పటకారు నేను పట్టుకుంటున్నాను. నీ వేలు ఇక్కడ లేదు, ఆయన వేలు చెప్పిన మాట వినదు, కాబట్టి కొలతకు నా వేలు. మొన్న తొడిగి, ఇంటిపని చేసి ఎక్కడ పట్టేస్తుందో చెప్పమన్నారు. బియ్యం కడిగాను. జడ వేసుకున్నాను. మరిచిపోయి దాంతోనే బోయిన్‌పల్లి పోయాను. వంకాయ లేతదో కాదో గుచ్చి చూస్తే ఆ కొన మహా బాగా దిగింది. కూరగాయలామె నా వేలు చూసి, బేరమాడకుండా అడిగిన ధరకే ఇచ్చేసింది. దానికి అర్థం లేదని రాశావు, నాకైతే పనికొచ్చింది.

డాక్టరు మాట ఎత్తితే ఇంకా లేచి వెళ్లిపోతున్నారు.

పెద్దమ్మ


బెంగళూరు,
9 మే 2005

పెద్దమ్మా,

నువ్వు ఆ వేలితో మార్కెట్‌కు పోయిన భాగం మా గుంపుకు చదివి వినిపించాను. వాసు నిన్ను చూడాలంటున్నాడు. వాళ్ల ప్రోగ్రాంకు బోడి వేలితోనే పోయాను. ఒక్కరు కూడా గమనించలేదు.

పెద్దనాన్నకు ఆఫీసు నుంచి ఫోన్ చేసి డాక్టరు గురించి అడిగాను. "అంతా మంచిదే" అని పెట్టేశాడు. సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఎక్కడుందో తెలిసీ సరిచేయనివ్వని వాళ్లు ఇక్కడా ఉన్నారు, కానీ వాళ్ల మీద నాకు ఇంత దిగులు లేదు. నేను ఉంగరం అడక్కపోతే ఆయన ఆ మొక్కు తనకోసం మొక్కుకునేవాడేమో. ఈ మాట పని మధ్యలో గుర్తొస్తోంది, ఎక్కువసార్లే గుర్తొస్తోంది.

ఉంగరం కొరియర్లో పంపొద్దు, నలుగుతుంది. బోనాలకు నేనే వస్తాను.

అనుపమ


బోయిగూడ,
21 ఆగస్టు 2005

అనూ,

నువ్వు వెళ్లాక ఇల్లు ఇల్లులా లేదు. ట్యూబ్‌లైటు మాత్రం వేయించాం.

నీ వేలికి ఆ ఉంగరం తొడిగినప్పుడు పెద్దనాన్న ముఖం నువ్వు సరిగా చూడలేదు, ముడుస్తూ తెరుస్తూ నీ వేలినే చూసుకుంటున్నావు. మచ్చ ఈసారి లోపలివైపు చెక్కారని నీకు చెప్పారా? బయట పెడితే నీ స్నేహితులు నవ్వుతారని లోపల పెట్టారు. బోనాల రోజు గల్లీలో పిల్లలంతా నీ వెనక తిరిగారు. మీ నాన్న కూడా చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. కోపంతో బస్సెక్కి దిగే వయసు అయిపోయింది వాడికి.

రైలు కదిలాక చేయి ఊపావు. వేలికి ఉంగరం లేదు. సంచిలో పెట్టుకున్నావనుకున్నాను.

మొన్న బుధవారం గుడి కమిటీ రాఘవేందర్ వచ్చాడు. హుండీ విప్పారట. వెండి ఏది బయటపడినా తూకం వేసి చెప్పమని మన దగ్గరికే తెస్తారు కదా. మనం మార్చిలో వేసిన వేలును పక్కకు పెట్టి, పేపర్లో చుట్టిన ఇంకొకటి తీసి బల్ల మీద పెట్టి, "చారిగారూ, కండ్లు, కాళ్లు, చేతులు మస్తుగ వస్తయి. గిదేందో మాకు సమజ్ అయితలేదు. గోరున్నది, వంగుతున్నది," అన్నాడు.

పెద్దనాన్న దాన్ని చేతిలోకి తీసుకున్నారు. వంచారు, తెరిచారు. లోపలి మచ్చను చిటికెనవేలితో తడిమారు. తర్వాత నావైపు తిరిగి అడిగారు, "పిల్ల ఎవరి వేలు అడిగింది?"

"మీది. ఇంకెవరిది అడుగుతది?" అన్నాను.

ఏడాదిన్నర నుంచి కావాలని కోరుకున్నదాన్ని మూడు రోజులు వేసుకుని హుండీలో వేసి వెళ్లావు. నాకు ఒక్క మాట చెప్పలేదు. చెబితే ఆపేదాన్ననే చెప్పలేదని తెలుసు. నీమీద కోపం లేదు. నిన్ను మా ఇంట్లో పెంచినందుకు ఆ పూట నాకు గర్వంగా అనిపించింది, అది మాత్రం రాస్తున్నాను.

పెద్దనాన్న రాఘవేందర్‌తో, "ఇది వేలే. మొక్కు. అమ్మ కవచంల కలపాలె," అన్నారు. కవచం చేసేవాళ్లు ఇంకా దొరకలేదని అతనంటే, "దొరికిండు. జెర ఆగమను," అన్నారు. అతను అటు పోగానే చొక్కా వేసుకుని గడపలో నిలబడ్డారు. ఎక్కడికంటే, "దవాఖానకు. పిల్ల తన ముచ్చట ఇడిచిపెట్టి అడిగినంక నేను ఊకె కూసుంటే మంచిగుంటదా?" అన్నారు. గల్లీలో అందరూ చూస్తుండగానే ఇద్దరం ఆటో ఎక్కాం. శ్యామలమ్మ తన మోకాలికి కూడా అదే డాక్టరా అని అడిగింది.

ఇంజెక్షన్ ఇచ్చారు. నీకు ఇంకొకటి చేస్తానంటున్నారు, అమ్మవారి చేతులు అయ్యాక.

ఇవాళ పొద్దున చాయ్ ఇస్తే గ్లాసు కుడిచేత్తో పట్టుకున్నారు. టక్ అనలేదు. నా చెవుల సంగతి నాకు తెలుసు కదా, గ్లాసు కింద పెట్టి మళ్లీ పట్టుకోమన్నాను. మళ్లీ పట్టుకున్నారు. టక్ అనలేదు.

పెద్దమ్మ